మే నెలలో చలి

నాకు వాతావరణం పిచ్చి. ఉదయం కాఫీకన్నా ముందు ఫోన్లో ఇవాళ ఎండెంతో చూడాలి. సైన్సు మాస్టర్ని కాబట్టి ఊరు నన్ను క్షమించేస్తుంది. ఆ వేసవిలో వడగాడ్పుల హెచ్చరిక వచ్చినప్పుడల్లా మా ఆత్రేయపురంలో ఒకటే మాట: అది పల్నాడు వాళ్ళకండీ, మనకి గోదావరి గాలుంది, కొబ్బరి నీడుంది. అంకెలు చూస్తే వాళ్ళ మాటే నిజం. అక్కడికన్నా మా దగ్గర ఎండ తక్కువే చూపించేది. మరి మధ్యాహ్నానికే మనిషి ఎందుకు వడిలిపోతున్నాడు? ఈ చిక్కు నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు.

బడి నుంచి రెండు థర్మామీటర్లు తెచ్చి వసారాలో వేలాడదీశాను. ఒకదాని కొసకి తడిగుడ్డ చుట్టాను. గాలి పొడిగా ఉంటే తడి ఆరుతూ అది బాగా దిగాలి. అది కాస్త దిగి అక్కడే భీష్మించుకుంది. గుడ్డ ఆరడం లేదంటే ఒంటిమీద చెమటా ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడే దారే లేదు. ఏదో కనిపెట్టేసినట్టు పొంగిపోయాను. చెమట పోస్తోందని తెలుసుకోవడానికి ఇంత సరంజామా కావాలా అంది మా ఆవిడ.

అప్పుడు పక్కింట్లో ఉండే మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డతో ఒక్క పూత, రేకు పొరలా లేచొస్తుంది. గాలి తగిలితే ఎగిరిపోతుంది కనుక ఫ్యాను వెయ్యదు, కిటికీ తియ్యదు. దానికి తోడు ఇంకో పట్టింపు. పొయ్యి దగ్గర కూర్చున్నంతసేపూ చన్నీళ్ళు తాగదు, మొహం కడగదు. కాగిన ఒంటికి చల్లదనం తగిలితే వాతం కమ్ముతుందని నమ్మకం.

నేను వెళ్ళేసరికి మంట ఎగదోస్తోంది. గాల్లో చెమ్మకి రేకు మెత్తబడిపోతోందట, అందుకని సెగ పెంచిందట. కాసేపు లెమ్మంటే పెళ్ళివారి ఆర్డరంది. నేను గొణుగుతూ నిలబడ్డాను. ఇంతలో తీసిన రేకునే మళ్ళీ కుండమీద పరిచింది. ఆ చెయ్యి అలా తడబడగా నేనెప్పుడూ చూడలేదు. కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది.

"చలేస్తంది రా అబ్బాయ్. ఆ దుప్పటి ఇలా తే."

నుదుటిమీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. రెక్క పట్టుకుని పెరటి నీడలోకి తీసుకొచ్చి కూలబెట్టి, నీళ్ళ బిందె ఎత్తాను. రేకులు చుట్టడానికి వచ్చే ఆవిడ అడ్డం వచ్చింది.

"వద్దండి మాస్టారూ. నిప్పు దగ్గర్నుంచి లేచిన మనిషండి. చన్నీళ్ళు పడితే పక్షవాతం వచ్చేస్తదండి."

ఆవిడ అన్నది ఆపేక్షతోనే. నాకూ భయమేసింది. చదివినదొకటి, చిన్నప్పట్నుంచి విన్నదొకటి. కానీ ఇంకా నా అరచెయ్యి చురుక్కుమంటూనే ఉంది. బిందె కుమ్మరించాను. ఆ వెంటనే ఇంకోటి. అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేదాకా తడిగుడ్డలు కప్పి ఇద్దరం విసురుతూనే ఉన్నాం.

కొత్తపేట ఆసుపత్రిలో డాక్టరుగారు వడదెబ్బేనన్నారు. ఒళ్ళు పైకి కాలిపోతున్నా కొందరికి చలి పుడుతుందట, మాటా పనీ తడబడతాయట. ముందుగా నీళ్ళు పొయ్యబట్టే మనిషి దక్కిందన్నారు.

సాయంత్రానికి అత్త తేరుకుంది. మంచం పక్కన కూర్చుని డాక్టరుగారు చెప్పినదంతా పూసగుచ్చినట్టు వినిపించాను. ఒళ్ళు ఉడికిపోతుంటే మెదడుకి చలి ఎలా తెలుస్తుందో, ఎంత చిత్రమో చూడమన్నాను. నా ఉత్సాహంలో నేనున్నాను. అత్త పైకప్పుకేసి చూస్తూ విన్నది.

"మా అమ్మ కూడా కుండ దగ్గర్నుంచి లేచొచ్చి చలేస్తందందిరా," అంది. "అప్పుడూ ఇలాంటి ఎండలే. చలిజొరం అనుకున్నాం. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ నేనే కప్పేను."

మా మామ్మ చలిజ్వరంతో పోయిందనే ఇన్నేళ్ళూ విన్నాను.