ఐదు ఉన్నచోట ఏడు

ఉదయం ఎనిమిదీ పదికి మూకండపల్లి షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చుని, ఐదు ఉన్నచోట ఏడు కొట్టాను. ఎనభైల చివరి రోజులు. విమానం నడపడం నేర్చుకునేవాళ్ల సాధన కోసం చెక్కతో ఒక చిన్న గది కట్టాం. అందులో సీటు, పెడళ్లు, ఎదుట తెరమీద తెల్లగీతలతో రన్‌వే. నేను మార్చిన అంకె బ్రేకు బలం. విమానం రన్‌వే చివరిదాకా పోతుంటే నేర్చుకునేవాళ్లు జంకుతున్నారని, కొంచెం పెంచమని శిక్షకుడు అడిగాడు. పెంచాను.

వారం తర్వాత మా నాయన కృష్ణగిరి నుంచి వచ్చాడు. ఆయన లారీలకు బ్రేకులు సరిచేసేవాడు. డెబ్బైలలో, నా చిన్నప్పుడు, సరిచేసిన ప్రతి లారీలోనూ డ్రైవరు పక్కన ఆయనే ముందు ఎక్కి, బ్రేకు పడుతుందో లేదో చూడటానికి గురుబరపల్లి వైపు పోయి వచ్చేవాడు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ అన్నం ముట్టేది కాదు.

నాయన చెక్క గదిలో కూర్చుని పెడలు తొక్కాడు. తెరమీద విమానం చటుక్కున ఆగింది.

"నిజం విమానం గూడా ఇట్లే నిలబడతాదా?"

"లేదు నాయనా. ఇంకా కొంచెం పోతాది."

"దాంట్లో నువ్వు ఎక్కినావా?"

ఎక్కలేదన్నాను.

"నీకేం బయమప్పా, నీ విమానం షెడ్డు దాటదు కదా" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మర్నాడు ఒక యువతి మొదటిసారి ఒంటరిగా అసలు విమానం దించాలి. వారమంతా నా ఏడు మీదే సాధన చేసింది. అంకె మళ్లీ ఐదుకు మార్చి ఆమెను పిలిపించాను. తెరమీద విమానాన్ని మూడుసార్లు దించింది. మూడుసార్లూ ఆగకముందే రన్‌వే అయిపోయింది.

"నిన్న ఆగింది కద సార్" అంది.

బ్రేకు ఆలస్యంగా తొక్కడం ఆమెకు నేర్పింది నేనే. జరిగింది చెప్పాను. ఒంటరిగా పంపవద్దని శిక్షకుణ్ణి బతిమాలాను. తను ఆమె పక్కన కూర్చుంటానని, అంత భయమైతే నన్నూ వెనక సీట్లో కూర్చోమని అన్నాడు.

కూర్చున్నాను. మర్నాడు, విమానం చక్రాలు నేలను తాకాక రన్‌వే చివరి ముళ్లకంచెనే చూశాను. ఆమె తొక్కింది. ఆలస్యమైందనిపించింది. పెడళ్లు లేని వెనక సీట్లో నా కాళ్లు రెండూ వట్టి నేలను తొక్కుతున్నాయి. కంచెలో ముళ్లు విడివిడిగా కనబడేంత దగ్గర ఆగాం.

చూడటానికి నాతో వచ్చిన నాయన కంచె అవతల నిలబడి ఉన్నాడు. చెమటకు తడిసిన నా చొక్కా చూసి తన తువ్వాలు ఇచ్చాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ పని మానేదాకా, అంకె మార్చిన ప్రతిసారీ నేను విమానం ఎక్కాను. ఇప్పుడు బ్రేకు సరిచేసినవాళ్లు ముందుగా ఎక్కి చూడటం లేదు.