రెండు రీసెట్లు, ఒక తెగిన పోగు

ఆ రోజుల్లో, కంప్యూటర్ ఎంత మొండికేసినా దాని నోరు మూయించే ఉపాయం ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒకచోట ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది. (నా కొంప కాదు, మా బాపుది, అంటే నాన్నది.)

సూరత్‌లో, అడాజన్‌లోని ఓ చిన్న ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కాలేదు. పోగు తెగగానే సాంచాను, అదే మరమగ్గాన్ని, ఆపేసే పరికరం మేం తయారుచేసేది. దాని ప్రోగ్రాం నాకప్పగించారు. తెగిన పోగును పసిగట్టే లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడు) ఒకటి, తెరమీద అంకెలు చూపే లైబ్రరీ ఇంకొకటి తెచ్చి కలిపాను. రెండింటిలోనూ ‘రీసెట్’ అనే పేరుతో ఒక్కో ఫంక్షన్ ఉంది. ఇందులో ఎవర్ని పిలవమంటావని కంప్యూటర్ ఎర్రక్షరాల్లో అడిగి ఆగిపోయేది. మూడు రోజులు బిల్డ్, అంటే ముక్కలన్నీ కలిపి నడిచే ప్రోగ్రాంగా మార్చే పని, ముందుకు కదల్లేదు. ఒకదాని పేరు మారిస్తే సరిపోయేది, కానీ ఎవరో మహానుభావుడు రాసిన కోడు ముట్టుకోవాలంటే నాకు చచ్చేంత భయం. చివరికి, ముందు కనబడిన రీసెట్‌ను తీసుకుని ఊరుకొమ్మని చెప్పే సెట్టింగు దొరికింది. పెట్టాను. బిల్డ్ అయింది. అన్నీ పరీక్షించావా అని మా భాయ్ (యజమానిని అలాగే పిలిచేవాళ్లం) అడిగితే ధీమాగా తలూపాను. తెర వెలిగింది, అదే నా పరీక్ష.

పరికరం బిగించింది బాపు పనిచేసే మిల్లులోనే, ఆయన నడిపే సాంచాకే. కొడుకు చేసిన మిషన్ అని ఆయన షెడ్డంతా చెప్పుకున్నాడు. మొదటి పోగు తెగగానే సాంచా ఆగింది. బాపు ముడివేసి బటన్ నొక్కాడు. ఆ బటన్ పోగును చూసే భాగాన్ని మళ్లీ సిద్ధం చేయాలి. అది మాత్రం తెర రీసెట్‌ను పిలిచి, తెరను శుభ్రంగా తుడిచి ఊరుకుంది. రెండో పోగు తెగినప్పుడు సాంచా ఆగలేదు. తాకాలో, అంటే మగ్గంమీది బట్టలో, మూరెడు పొడుగున ఒక సన్నటి చీలిక పడింది. షెడ్డు పని చూసే మాస్టర్ దాన్ని అందరిముందూ వెలుతురుకు పట్టి చూపించి, ముసలాయనకు చూపు పోయిందన్నాడు. బాపు అవునని ఒప్పుకున్నాడు. మర్నాటినుంచి రావద్దన్నారు.

తప్పు నా రీసెట్‌దని కోడు తెరిచిన పావుగంటలో తెలిసిపోయింది. చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. సిగ్గుతో చచ్చిపోతూ, తప్పు నీ కండ్లది కాదు, నాదే బాపూ అన్నాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

“నాకెరుకే బిడ్డా. పోగు తెగుడు నా కండ్లతోటే జూసిన. నీ మిషిన్ ఆపుతదని జర సేపు నిలబడ్డ.”

“మరి కండ్లు పోయినయని ఎందుకు ఒప్పుకున్నవే?”

“నీది కొత్త నౌకరీ గదా.”

ఆ రోజే వెళ్లి మాస్టర్‌కూ, భాయ్‌కూ నిజం చెప్పేశాను. భాయ్ నానా తిట్లూ తిట్టి, నన్ను ఉద్యోగంలో ఉండనిచ్చాడు. బాపు సాంచాను మాత్రం అప్పటికే వేరేవాళ్లకిచ్చేశారు. ఆయన ఇంకో షెడ్డులో పాత సాంచాల మీద చేరాడు. ఒక రీసెట్ పేరు మార్చడానికి నాకు పట్టింది పది నిమిషాలు.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు బిల్డ్ ఆగిపోయిందని ఏడుపుమొహాలతో వస్తుంటారు. ఆగింది కదా, సంతోషించండి అంటాను. సారుకు చాదస్తం ముదిరిందని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. నేనూ వాళ్లతోపాటే నవ్వుతాను.