నరాల మెషిన్ అని చెప్పుకున్న ఆట

ఆ రోజు పెళ్లివారి జాకెట్లకు హెమ్మింగ్ చేస్తున్నాను. సూది వేళ్లలోంచి జారిపోయింది. తీసి పట్టుకుంటే మళ్లీ జారింది. అంతకుముందు వారం విరేచనాలు పట్టి తగ్గాయి, ఆ నీరసమే అనుకున్నాను. సాయంత్రం మిషను తొక్కుతుంటే పాదాల కింద పెడల్ ఉన్నట్టే తెలియలేదు. మర్నాడు పొద్దున్న మంచం దిగబోయి అక్కడే కూలబడ్డాను.

నా పేరు పైడమ్మ. నెల్లిమర్లలో ఇంటిదగ్గరే బట్టలు కుడతాను. మా ఆయన అప్పలరాజు జూట్ మిల్లులో పని చేస్తాడు. ఆ పొద్దున్న ఆయనే నన్ను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. విజయనగరంలో డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూసి, రిఫ్లెక్సెస్ లేవు, ఆలస్యం చేయకుండా విశాఖ తీసుకెళ్లమన్నారు.

అక్కడ నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. వెన్నులోంచి నీరు తీశారు, దాన్ని లంబార్ పంక్చర్ అంటారట. జబ్బు పేరు జి.బి.ఎస్., అంటే గిలాన్ బారే సిండ్రోమ్ అని చెప్పారు. "మీ ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే పొరపాటున మీ నరాల మీద పడిందమ్మా. చాలామంది కోలుకుంటారు. కానీ నెమ్మదిగా," అన్నారు డాక్టరు గారు. ఆ దాడిని ఆపడానికి ఐవీఐజీ అనే మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. అయినా నీరసం కాళ్ల నుంచి చేతులకు, చేతుల నుంచి గుండెల్లోకి పాకింది. ఊపిరి అందక వెంటిలేటర్ మీద పెట్టారు. అన్నీ వినపడేవి, ఏదీ చెప్పలేకపోయేదాన్ని.

ప్రాణం నిలిచింది. కానీ ఇంటికొచ్చింది నేను కాదు, ఒక మూట. ముద్ద నోట్లో పెట్టడం, స్నానం చేయించడం, బెడ్ పాన్ పెట్టడం అన్నీ మా ఆయనే. ఆయన మిల్లు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని ఆ పనుల్లో పడుతుంటే నేను కళ్లు మూసుకునేదాన్ని. నిద్రపోతున్నాననుకునేవాడు. సిగ్గుతో మూసుకున్నానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వచ్చేది. చేతులు కొద్దిగా లేచాక మెత్తటి ముద్ద ఇచ్చి పిసకమంది. ఏడుస్తూ పిసికేదాన్ని. మా అన్నయ్య కూతురు మౌనిక ఎచ్చెర్లలో చదువుతోంది. ఒక ఆదివారం నన్ను చూడ్డానికొచ్చి, తను ఆడుకునే గేమ్ తెచ్చింది. పుస్తకమంత తెర, రెండు పక్కలా బటన్లు. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే, అలసిపోకుండా కొంచెంసేపు ఆడొచ్చు, కానీ ఎక్సర్‌సైజులు మాత్రం మానొద్దంది.

అందులో ఒక రాజ్యం. రాజు చచ్చిపోతే కూతురు చిన్న సైన్యాన్ని వెంటబెట్టుకుని కొండలు, అడవులు దాటుతుంది. విలుకాళ్లు, గుర్రాలవాళ్లు, గాయాలు మాన్పే ముసలమ్మ ఒకతె. చదరంగంలోలా నేలంతా గళ్లు. మనవాళ్లను ఒక్కొక్కరినే ఏ గడిలో నిలబెట్టాలో మనమే చెప్పాలి.

"తొందర నేదత్తా. నువ్వు నొక్కేదాకా శత్రువు కదలడు," అంది మౌనిక.

ఆ మాటకే నేను ఆటలో పడిపోయాను. అప్పటికి లోకమంతా నన్ను దాటి పోతోంది. పలకరించడానికొచ్చినవాళ్లు నేను ఒక మాట కూడదీసుకునేలోపు వేరే మాటలోకి వెళ్లిపోయేవారు. ఈ ఆట ఒక్కటే నాకోసం ఆగింది. బొటనవేలు బటన్ మీదకు చేరడానికి ఎంతసేపు పట్టినా శత్రువుల రెక్కల పాము నోరు తెరుచుకుని అక్కడే నిలబడేది. ముసలమ్మను ముందుకు పంపితే చస్తుందేమో, వెనక ఉంచితే గాయపడ్డవాడికి అందదేమోనని అన్నం ఉడికేంతసేపు ఆలోచించేదాన్ని. మంచంలో సొంతంగా పక్కకు తిరగలేని నేను, సైన్యాన్ని ఏరు దాటించాను. నా నిర్ణయం కోసం ఎవరో కాచుకుని ఉండడం ఎంత బాగుండేదో చెప్పలేను.

అంత బాగుండడమే సిగ్గుగా ఉండేది. ఆయన వంటింట్లో గిన్నెలు తోముతుంటే, నలభై దాటిన దాన్ని రాకుమారి తరఫున యుద్ధాలు చేస్తున్నాను. ఎవరైనా వస్తే దుప్పటి కింద దాచేదాన్ని. ఒకరోజు పక్కింటి వదిన చప్పుడు లేకుండా వచ్చేసింది. అదేమిటని అడిగింది.

"నరాల మెషినొదినా. డాక్టరిచ్చేరు. సేతి ఏళ్లకి కరెంటు పంపుతాది," అన్నాడు మా ఆయన. నా పరువు కాపాడదామనే అన్నాడు. నేను తలూపాను. తర్వాత వచ్చినవాళ్లకు ఆయన చెప్పనక్కర్లేకపోయింది. నేనే చెప్పాను, కరెంటు ఎలా జుమ్మంటుందో కూడా కలిపి.

మధ్యలో జ్వరమొచ్చి, కూడదీసుకున్న బలమంతా పోయి మళ్లీ మంచమెక్కాను. మళ్లీ మొదటినుంచీ లేచాను. వాకర్ పట్టుకుని వాకిలిదాకా నడుస్తున్న రోజుల్లో సింహాచలం అనే రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. శృంగవరపుకోట అవతల పల్లెటూరు. భార్య గౌరమ్మకు స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి, కాలు పడిపోయాయట. ఫిజియోథెరపీ రోజూ చేయించమన్నారట. కొన్నాళ్లు ఆటోలో తిప్పాడట. ఆమె నొప్పికి ఏడుస్తుంటే చూడలేకపోయాడట. ఇంతలో నెల్లిమర్లలో ఒకావిడకు మెషిన్‌తోనే వేళ్లు తిరిగొచ్చాయని ఎవరో చెప్పారట. అదేదో దొరికితే ఈ నరకం ఉండదు కదా అని ఫిజియోథెరపీ మాన్పించి, మందుల షాపులన్నీ తిరుగుతున్నాడట.

"ఆ మెషినొకపాలి సూపించమ్మా. పేరు రాసుకుపోతాను," అన్నాడు.

మా ఆయన గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు. నేను దిండు పక్కనుంచి తీసి ఆన్ చేశాను. పాట మొదలైంది. సింహాచలం రెండు చేతులూ కట్టుకుని, చాలా మర్యాదగా వంగి తెర చూశాడు.

"ఇది మెషిను కాదు బాబూ. పిల్లలాడుకునే ఆట," అన్నాను. "నలుగురూ నవ్వుతారని అలగ సెప్పేం. కరెంటూ నేదు, ఏటీ నేదు."

ఆయన తెర మీంచి నా చేతులవైపు చూశాడు. "మరి నీ ఏళ్లో?" అన్నాడు.

"నా జబ్బు వేరు బాబూ. రోజూ ఫిజియోథెరపీ సేయించేరు. ఏడుసుకుంటా సేసేను. దీంతో పొద్దు పోయింది, అంతే."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది. "ఇన్నాల్లూ దాన్ని పడుకోబెట్టేసేన్నేను," అన్నాడు మెల్లగా. ఆ మాట నాతో అన్నది కూడా కాదు.

అప్పటికప్పుడే మా ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేయించాను. మర్నాడు ఆయన గౌరమ్మను విజయనగరంలో ఆ అమ్మాయి పనిచేసే ఆసుపత్రికి తీసుకొస్తే, నేనూ వాకర్‌తో వెళ్లాను. ఆమె చెయ్యి గుండెల పైకి లేవడం లేదు. "షోల్డర్ బిగుసుకుపోయిందమ్మా. మానకుండా వచ్చుంటే ఇంత అయ్యేది కాదు," అందా అమ్మాయి. అన్నది వాళ్లతో. నేలలోకి కుంగిపోయింది నేను.

గౌరమ్మకు కూడా నేనే చెప్పాను, మెషిన్ అని అబద్ధం ఆడింది నేనని. ఆమె మాట ముద్దగా వస్తోంది. "నన్ను ఎత్తుకుని ఆటోలో ఎక్కిస్తంటే ఊరంతా సూస్తాదని నేనూ రానన్నానమ్మా. సిగ్గేసి," అంది. నన్ను ఓదార్చడానికే అందేమో. నాకు ఓదార్పు కలగలేదు.

ఇప్పుడు గౌరమ్మ చేతికర్రతో నడుస్తోంది. చెయ్యి భుజందాకా లేస్తుంది, పైకి వెళ్లదు. జడ సింహాచలమే వేస్తాడు. ఫిజియోథెరపీ ఆగిన ఆ రోజుల వల్లేనా అని డాక్టరును అడిగాను. ఖాయంగా చెప్పలేమన్నారు. ఆ జవాబుతోనే బతుకుతున్నాను. నేను మళ్లీ కుడుతున్నాను, హుక్కులు కుట్టడానికి మాత్రం వేళ్లు ఇంకా తిరగవు. సాయంత్రాలు పాదాలు మండుతాయి. ఆట వాకిట్లోనే కూర్చుని ఆడుతున్నాను, వెళ్లేవాళ్లు చూస్తే చూస్తారు.

మీరూ ఏ జబ్బు నుంచో కోలుకున్నాక ఎవరో ఒకరు వచ్చి, ఏం చేస్తే తగ్గిందని అడుగుతారు. నోటికొచ్చింది చెప్పకండి. మీ డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూపించండి, జబ్బు పేరూ చేసిన చికిత్సా చదివి వినిపించండి. వాళ్ల డాక్టరును అడగకుండా దేన్నీ ఆపొద్దని చెప్పి పంపండి. ఎందుకంటే వాళ్లు మిమ్మల్ని నమ్ముతారు.