మా గల్లీ కంచు కుక్క

పద్మనగర్‌లో మా గల్లీకి ఒక కుక్క ఉండేది. ఎవరిదని అడిగితే ప్రతి ఇంటివాళ్లూ మాదే అనేవాళ్లు. పగలంతా మా కార్ఖానాలో, కరెంటు మగ్గాల మధ్య నడిచే దారికి అడ్డంగా పడుకునేది. దాన్ని తొక్కకుండా దాటిపోవడం మా బాధ్యత, లేవడం దాని బాధ్యత కాదు. సాయంత్రం పని దిగాక అమ్మ దాని ఒళ్లు దులిపి రొట్టె పెట్టేది.

ఒకరోజు నూలు కండెలు మోసుకెళ్తున్న అమ్మ కొంగు, మగ్గం తిప్పే పట్టాలో చిక్కుకుంది. అమ్మ అరుపు మగ్గాల మోతలో ఎవరికీ వినిపించలేదు. కుక్క మొరిగినా అంతే. అది మొరగడం మాని, అవతలి మగ్గం దగ్గరున్న నాన్న లుంగీని పళ్లతో పట్టి లాగింది. తిట్టబోయి వెనక్కి తిరిగిన నాన్న అమ్మను చూసి కరెంటు ఆపేశాడు. కొంగు పోయింది, అమ్మ దక్కింది. ఆ పూట నుంచి మా ఇంట్లో మొదటి రొట్టె దానిదే.

ముసలిదై అది పోయినప్పుడు, దానికి కంచు విగ్రహం పోయించాలని గల్లీ పెద్దలు తీర్మానించారు. ఇంటికో పాత కంచు సామాను ఇవ్వాలన్నారు. పగిలిన గంటలు, సొట్టపోయిన గిన్నెలు వచ్చాయి. అమ్మ మాత్రం తన పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన కంచు తల్లె ఇచ్చింది. అమ్మమ్మ గుర్తుగా మాకు మిగిలింది అదొక్కటే. వద్దని నేను పోట్లాడాను.

"నేనుంటెనే గద బిడ్డా తల్లెల తినేది," అంది అమ్మ.

నిజాంపురాలో దేవుడి విగ్రహాలు పోతపోసే ముసలాయనకు సామానుతో పాటు కుక్క ఫొటో ఇచ్చాం. ఉన్నది ఒక్కటే ఫొటో, కార్ఖానా గుమ్మంలో తీసింది. అచ్చం అదే అని గల్లీ అంతా మురిసిపోయాకే ఇచ్చాం.

విగ్రహం వచ్చిన రోజు గోనెపట్టా విప్పి చూశాం. ఒళ్లంతా బొచ్చు. చెవులకు బొచ్చు, తోక నిండా కుచ్చులు. మాది నున్నటి వీధికుక్క.

"గిదేంది, గొర్రెను పోసిండా?" అన్నాడు పక్క కార్ఖానా సేటు.

ఫొటోలో ఉన్నట్టే చేశానని, విగ్రహం తెచ్చిన ముసలాయన హిందీలో వాదించి, ఫొటో తీసి మా ముందు పెట్టాడు. అప్పుడు సరిగ్గా చూశాం. కుక్క ఒంటినిండా మగ్గాల దూది. మా జుట్టుకూ కనుబొమ్మలకూ రోజూ పట్టేదే కాబట్టి, అన్నేళ్లలో మాలో ఒక్కరికీ అది కనబడలేదు. బయటివాడికి అది బొచ్చులా కనిపిస్తే తప్పేముంది.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. అమ్మమ్మ తల్లె బొచ్చుకుక్క పాలైంది. "చేతులు కాలినంక ఆకులు వట్టుకుంటే ఏం ఫాయిదా," అని నాన్న గొణిగాడు. అమ్మ ముఖం చూడాలంటే భయమేసింది.

అమ్మ వెళ్లి విగ్రహం పక్కన కూర్చుంది. మెడ నుంచి తోక దాకా ఎప్పటిలాగే చేత్తో దులిపింది. ఇంకోసారి దులిపింది.

"మనదే," అంది. "నేనింక దులపలే, గంతే."

సేటు నవ్వాడు, ఆ వెంట గల్లీ అంతా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, రొట్టె తెమ్మని నన్ను ఇంట్లోకి తరిమింది.