మెట్ల మీద ఎదురు

బహ్రెయిన్‌లో, మహూజ్ పేటలో మేముండే బిల్డింగుకి లిఫ్టు ఉంది. అయినా మా తెలుగువాళ్ళు ఎవరు ఊరికి బయల్దేరినా సామాన్లు లిఫ్టులో పంపి, తాము మాత్రం మెట్ల మీదుగా దిగేవారు. ఎందుకంటే నేను ఎదురొచ్చేది మెట్ల మీద. ముందురోజే వచ్చి అడిగేవారు, "అత్తా, రేపు పొద్దున్నే పెయాణం. కాత్త ఎదురు రావా?" అని. నేను తలంటుకుని, కొప్పులో నాలుగు మల్లెపూలు తురుముకుని, నుదుటన రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, స్టీలు చెంబు నిండా నీళ్ళతో ఒక అంతస్తు కిందికి దిగి కాచుకునేదాన్ని. వాళ్ళు కుడికాలు గడప బయట పెట్టిన చప్పుడు వినగానే మెట్లెక్కడం మొదలుపెట్టేదాన్ని. ముత్తయిదువ నిండు చెంబుతో ఎదురైతే ప్రయాణం చల్లగా సాగుతుందని మా గోదావరి వైపు నమ్మకం. నిజామాబాదు వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళకీ అదే నమ్మకం. అలా మా బిల్డింగులో శుభశకునం డ్యూటీ నాది. జీతం లేకపోయినా గొప్పగానే ఉండేది. ఒకరింట్లో అంట్లు తోముకునే ఆడమనిషి మొహాన్ని పిలిచి మరీ చూసేవాళ్ళు ఎందరుంటారు?

అది కాక రోజువారీ పని ఇంకోటి. తెల్లవారగానే తలుపు తీసి, గడప ముందు టైల్సు మీద సుద్దముక్కతో చిన్న ముగ్గు గీసి, వరసగా తలుపులు కొట్టుకుంటూ పోయేదాన్ని. "లేవండ్రా, యల్లా, వ్యాన్లొచ్చేత్తున్నాయి" అని. అలారం మోగినా లేవనివాళ్ళు నా గొంతుకి లేచేవారు.

మా ఆయన తాపీమేస్త్రి. ఇక్కడే, పనిలో ఉండగానే, మధ్యాహ్నం అన్నం క్యారేజీ విప్పబోతూ పక్కకి ఒరిగిపోయాడు. ఆ క్యారేజీలో పొద్దున నేను పెట్టిన వంకాయ కూర ఉంది. ఇప్పటికీ వంకాయ కోస్తుంటే చెయ్యి ఆగిపోతుంది. మాట కటువైనా మనసు మెత్తటి మనిషి. నేను ఎదురు రావడానికి తయారవుతుంటే, "బయల్దేరింది ఈవిడ, బహ్రెయిన్‌కే మహలక్ష్మి" అని ఆటపట్టించేవాడు. ఆయన్ని తలుచుకుని నేనేడ్చిన ఏడుపు నాకు తెలుసు. అది ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

పెట్టెలో ఆయన, సీట్లో నేను, కలిసే ఊరికి వెళ్ళాం. పదో రోజున గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు, బొట్టు చెరిపారు. ఏడాది గడప దాటకుండా మూల కూర్చోవాలని మా ఆడపడుచు తీర్మానించింది. "కూచుంటాను వదినా, మరి నా కఫీల్ ఇంట్లో అంట్లు నువ్వెళ్ళి తోముతావా?" అన్నాను. కఫీల్ అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని. ఆమె ముక్కున వేలేసుకుంది. నేను టిక్కెట్టు తీసుకున్నాను.

తిరిగొచ్చిన మర్నాడు మామూలుగానే తలుపు తీశాను. ఎదుటి ఫ్లాట్ తలుపు సగం తెరుచుకుని, నన్ను చూసి మూసుకుంది. పక్క గది తలుపు అసలు తెరుచుకోలేదు. ఆ తలుపులకి చిన్న కన్నాలుంటాయి, బయట ఎవరున్నారో లోపల్నించి చూసుకోవడానికి. నేను మెట్లు దిగిపోయేదాకా ఆ కన్నం వెనక ఒక కన్ను కాపలా ఉండేది. కింద అంతస్తుకి చేరాక పైన తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

నాలుగు రోజులకి ఎదుటి ఫ్లాట్ అమ్మాయి వచ్చింది. మా పక్క ఊరి పిల్లే, పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమెకి అన్నం వార్చడం నేర్పింది నేనే. మంచం అంచున కూర్చుని చీర చెంగు చుట్టలు చుడుతూ చెప్పింది.

"ఏవనుకోకత్తా. మీ అల్లుడూ ఆళ్ళూ పొద్దున్నే డూటీకి ఎల్తారు గదా. ఇనపరాడ్ల పని, ఎత్తు మీద పని. ఆళ్ళెల్లాక నువ్వు తలుపు తీత్తే... నాకేం లేదత్తా, ఆళ్ళే అంటన్నారు."

ఆమెకి అప్పుడే నెల తప్పింది. పైగా ఆ రోజుల్లో నాకు పోట్లాడే ఓపిక లేదు. సరేనన్నాను. అలా నా డ్యూటీ టైం నా కఫీల్ కాకుండా నా పొరుగువాళ్ళు మార్చారు. నేను పనిచేసే ఇల్లున్న ముహర్రక్‌కి వెళ్ళే పనివాళ్ళ వ్యాను నా కోసం ఆగదు కదా. రెండు బస్సులు మారి, ఎండలో నిలబడి, ఆలస్యంగా చేరి ఆ ఇంటి మేడంతో మాటలు పడేదాన్ని. ఆ వ్యానులో రోజూ నాతో నవ్వులాడే శ్రీకాకుళం ఆడవాళ్ళిద్దరూ కూడా దూరమైపోయారు.

శుక్రవారం పూజకి పులిహోర కలిపే పని కూడా ఇంకొకరికి వెళ్ళింది. "నువ్వు రెస్టు తీసుకో అత్తా" అన్నారు. నేనీ దేశమొచ్చాక నన్ను రెస్టు తీసుకోమన్న మనిషి లేడు. మొగుడు పోగానే అందరికీ నా ఆరోగ్యం గుర్తొచ్చింది. బొట్టు పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు, ఈ చెమటలో అదెలాగూ నిలవదు. నా తలుపు నేను తీసుకోలేకపోవడమే గొంతులో ముల్లులా ఉండేది. మా ఆయన పోయాడన్న దుఃఖంలో ఇదొకటి కలిసి, ఏది ఏదో తెలియకుండా పోయింది.

ముహర్రక్‌లో నేను పనిచేసే ఇంట్లో మేడం అత్తగారుంది. పెద్ద మేడం అంటాను. నేను తిరిగొచ్చిన కొద్ది వారాలకే ఆవిడ భర్త కూడా పోయాడు. వాళ్ళ మతంలో భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడువు పాటించాలి. దాన్ని ఇద్దా అంటారు. రంగు బట్టలుండవు, అత్తరుండదు, కళ్ళకి సుర్మా ఉండదు, డాక్టరు దగ్గరికి తప్ప బయటికి పోవడముండదు. అదేం సుఖమైన సంగతి కాదు. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, టీ చల్లగా ఉందనీ, కోడలు కిటికీ తెరలు సరిగ్గా వెయ్యలేదనీ రోజంతా సణుగుతూనే ఉండేది. పక్కన కూర్చోవడానికి నన్ను పిలిచేది. ఆవిడ అరబ్బీ, నా వచ్చీరాని హిందీ, ఇద్దరి చేతులూ కలిసి మాకొక భాష తయారైంది.

ఆ రోజుల్లోనే విమానం గొడవ ఒకటి జరిగింది. మా పై అంతస్తులో ఉండే జగిత్యాల అబ్బాయి చెల్లెలి పెళ్ళికి సెలవు మీద బయల్దేరాడు. నాకెవరూ చెప్పలేదు. ఆ వేళ మగవాళ్ళంతా డ్యూటీకి వెళ్ళిపోయారనుకుని నేను చెత్త సంచి పట్టుకుని కిందికి దిగి, తిరిగి ఎక్కుతున్నాను. సరిగ్గా మెట్ల మధ్యలో ఎదురుపడ్డాడు. కొత్త చొక్కా, మెడలో పాస్‌పోర్టు సంచి. నన్ను చూసి బొమ్మలా నిలబడిపోయాడు.

"గిప్పుడే రావాల్నా పెద్దమ్మా! నేను ఊరికి వోతున్న."

"పోయిరా నాన్నా, నేను చెత్త పారేసొత్తున్నాను."

అతను పోలేదు. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళాడు. అపశకునమైతే ఇంట్లోకి వెళ్ళి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి కదా. అదీ చేశాడు. తీరిగ్గా కూర్చున్నాడు, తాగాడు. ఈలోగా కింద టాక్సీవాడు విసుగెత్తి వెళ్ళిపోయాడు. ఇంకో టాక్సీ దొరికి, వంతెన మీద ట్రాఫిక్ దాటి ముహర్రక్ ఎయిర్‌పోర్టుకి చేరేసరికి కౌంటరు మూసేశారు. మర్నాడు వేరే విమానంలో వెళ్ళాడు, పెళ్ళికి అందుకున్నాడు కూడా. కానీ బిల్డింగంతా ఒకటే మాట, ఆవిడ ఎదురొచ్చింది, విమానం తప్పిపోయింది.

నా మొహం చూసినందుకు తప్పిందా విమానం? చూసి కూర్చున్నందుకు తప్పింది!

ఆ కోపం ఎవరి దగ్గర కక్కాలో తెలియక పెద్ద మేడంకి చెప్పాను. మెట్లూ, చెత్త సంచీ, కుర్చీ, మంచినీళ్ళూ అన్నీ చేతులతో ఆడి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విని, "కూర్చున్నాడా? విమానం పెట్టుకుని కూర్చున్నాడా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత నోటికి ముసుగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. భర్త పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక అడిగింది, "నాది ఇంకొన్నాళ్ళకి ఖలాస్. నీది ఎప్పుడు ఖలాస్?"

"మాకు ఖలాస్ లేదు."

"లేదా? చచ్చేదాకానా?"

తలూపాను.

"ఎవరు చెప్పారు?"

పూజారి చెప్పలేదు. మా ఆడపడుచు చెప్పింది కూడా ఏడాదే. ఆలోచించి చూస్తే నాకు చెప్పింది ఎదుటి ఫ్లాట్ తలుపుకున్న కన్నం, అంతే. కన్నం చెప్పిందని నేను బస్సులు మారుతున్నాను. ఆ రోజంతా అంట్లు తోముతూ అదే నమిలాను. రెండు గాజు గ్లాసులు పగిలాయి.

పెద్ద మేడం గడువు తీరిన రోజు ఇంట్లో సందడిగా ఉంది. ఆవిడకి తలస్నానం చేయించి, జుట్టు దువ్వి, ఆకుపచ్చ గౌను తొడిగాను. కళ్ళకి సుర్మా తనే పెట్టుకుంది, గీత పక్కకి పోతే తుడిచి మళ్ళీ పెట్టుకుంది. నిప్పుల మీద అగరు ముక్క వేసి బట్టలకి పొగ పట్టించుకున్నాక, ఆ ధూపపు కుండీని నా చీర కొంగు కిందికి తోసింది. నేను వెనక్కి జరిగితే కొంగు పట్టుకుని లాగింది. కొడుకు కారులో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాడు, నన్నూ ఎక్కించుకున్నారు. ఆవిడ నీళ్ళ దాకా నడిచి, చాలాసేపు నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ వాళ్ళాయన కోసం, నేను మా ఆయన కోసం. తర్వాత ముక్కు తుడుచుకుని, ఆకలేస్తోందంది. మొగుణ్ణి మరిచిపోతే కాదు గడువు తీరడం అని అప్పుడర్థమైంది నాకు.

మర్నాటి నుంచి నా టైంకి నేను తలుపు తీశాను. సుద్దముక్కతో ముగ్గు గీశాను. ఎదుటి ఫ్లాట్ అమ్మాయి భర్త తలుపు తీసి, నన్ను చూసి లోపలికి పోబోయాడు.

"ఆగు అల్లుడూ," అన్నాను. "నేను నీకెదురు రాలేదు. నా డూటీకి నేనెల్తన్నాను, నువ్వే నాకెదురొచ్చావు. నీ మొగం మంచిదో కాదో సాయంత్రం వచ్చి చెప్తాను."

ఆ సాయంత్రం క్షేమంగా తిరిగొచ్చాడు, మర్నాడూ తిరిగొచ్చాడు. అయినా బిల్డింగులో కొందరు నాతో మాట్లాడడం మానేశారు. మానితే మానారు. వ్యానులో నా సీటు నాకు దక్కింది.

కానీ అసలు పరీక్ష ఆ అమ్మాయి ప్రయాణం. ఏడో నెలలో పురిటికి పుట్టింటికి బయల్దేరింది. తొలి కాన్పు. అంతకుముందు ఒకసారి కడుపొచ్చి నిలవలేదు కూడా, ఆ భయం ఆ పిల్ల కళ్ళలో కనిపించేది. ముందురోజు ఆమె భర్త వచ్చి గుమ్మం బయటే నిలబడి దణ్ణం పెట్టాడు.

"రేపొక్క రోజత్తా. మేం ఎయిర్‌పోర్టుకి చేరి ఫోన్ చేసేదాకా తలుపు తియ్యకు. నీ కూతురనుకో."

కూతురనుకో అన్న మాట నన్ను పట్టుకుంది. ఆ పిల్లకి ఏమైనా అయితే? జనం అనే మాట సంగతి సరే, నా మనసే నన్ను అంటే? పోట్లాటలో ధైర్యం వేరు, కడుపుతో ఉన్న పిల్ల ముందు ధైర్యం వేరు. తలుపేసుకున్నాను. పడుకున్నా నిద్ర రాలేదు. ఆ పిల్ల మొదటిసారి ఈ దేశం వచ్చిన రోజున భయంతో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చేతికి అప్పుడూ ఇప్పుడూ తేడా ఏంటి? నేను మనసారా చల్లగా వెళ్ళి రమ్మంటే, అది గాజులున్నప్పుడు ఒకలాగ, లేనప్పుడు ఒకలాగ తగులుతుందా?

తెల్లవారాక తలంటుకున్నాను. ఉతికిన చీర కట్టాను. స్టీలు చెంబు నిండా నీళ్ళు పట్టి ఒక అంతస్తు కిందికి దిగి నిలబడ్డాను. పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మెట్లెక్కడం మొదలుపెట్టాను. చెంబు అంచున నీళ్ళు తొణుకుతున్నాయి.

ముందు అతను చూశాడు. "అయ్యో అత్తా!" అని పెళ్ళాం భుజం పట్టుకుని వెనక్కి తిప్పబోయాడు. "రా, లోపలికి పద, కాసేపు కూకుందాం."

"కూకోండి," అన్నాను. "విమానం మాత్రం కూకోదు."

ఆ అమ్మాయి కదల్లేదు. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి మెట్ల కమ్మీ మీద పెట్టుకుని నా వంక చూసింది. నా చెంబు వంక చూసింది. జగిత్యాల అబ్బాయి కథ ఆమెకీ తెలుసు. భుజం మీది మొగుడి చెయ్యి మెల్లగా తీసేసి, ఒక్కో మెట్టూ దిగి, నేనున్న మెట్టు దాకా వచ్చింది. మొహం చెమట పట్టి ఉంది.

"ఎల్లొత్తానత్తా," అంది.

"చల్లగా ఎల్లిరా," అన్నాను. ఆమె నన్ను దాటి దిగింది. అతను రెండు క్షణాలు తలుపు వంకా, పెళ్ళాం వంకా చూసి, బ్యాగు తీసుకుని ఆమె వెనకాలే పరుగెత్తాడు.

చెంబు నిండా నీళ్ళు అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ నన్ను చూసినవాళ్ళు లోపలికెళ్ళి కూర్చుని నీళ్ళు తాగారు. నేను ఆ మెట్ల మీదే, నిలబడే తాగి, చెంబు బోర్లించి, డ్యూటీకి వెళ్ళిపోయాను.