రాజవ్వ బాయి

ఉప్పల్‌లో అమ్మా నేనూ ఎక్కిన షేర్ ఆటో డ్రైవరు "రాజవ్వ బాయి, రాజవ్వ బాయి" అని అరుస్తుంటే చిన్నప్పటి భయం మళ్లీ తాకింది.

నాచారం దగ్గరి ఆ స్టాపు పేరు అమ్మ ఎన్నడూ పలికేది కాదు. "గా బాయికాడ ఆపన్నా" అనేది. పేరెత్తితే బావిలోంచి ఎవరో వస్తారనుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక నేనే "రాజవ్వా!" అని పిలిచాను. అమ్మ నా నోరు మూసింది.

"మీ నాయనమ్మను గట్ల పిలుస్తవా?"

నేను పుట్టకముందే పోయిన నాయనమ్మ తవ్వించిన బావి అది. అత్త పేరు కోడలు పలకదు, అత్త ముందు భుజం మీద కొంగు లేకుండా కూర్చోదు. అది తెలిశాక కూడా నా భయం పోలేదు.

ఇప్పుడక్కడ బావి లేదు, అపార్ట్‌మెంట్లున్నాయి.

"రాజవ్వ ఎవరన్నా?" అని అడిగాను.

"ఏమో మేడం, స్టాపు పేరు" అని డ్రైవరు మళ్లీ అరిచాడు.

ఆటోలో మేమిద్దరమే ఉన్నాం. అమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని, కొంచెం జరిగి, పక్కన చోటిచ్చింది.