సిస్టరమ్మ చూడమన్న ఎర్ర మీట

పిల్లల వార్డు సిస్టరమ్మ పోయారని మొన్న శుక్రవారం, సెలవు రోజు చర్చి ప్రార్థన దగ్గర తెలిసింది. పాట మధ్యలో ఎవరో చెవిలో చెప్పారు. నేనివాళ ఈ అరబ్బుల దేశంలో తలెత్తుకుని పని చేసుకుంటున్నానంటే అది ఆవిడ చలవే.

నాలుగేళ్ళ కిందట, ఫహాహీల్‌లో నేను పనిచేసే ఇంట్లో పాప చెయ్యి వేడినీళ్ళకు కాలిపోయింది. అప్పుడు దానికి రెండేళ్ళు. ఆసుపత్రికి చేరేదాకా "సారీ మామా, సారీ మామా" అంటూనే ఉన్నాను. ఇక్కడ ఇంటి యజమానురాల్ని మామా అనే పిలుస్తాం. మా పనివాళ్ళకి అదో అలవాటు లెండి. గ్లాసు పగిలినా సారీయే, కరెంటు పోయినా సారీయే. ఆసుపత్రి కాగితం మీద మాత్రం 'పనిమనిషి తప్పు ఒప్పుకుంది' అని పడింది. ఇంకేముంది, కేసు, జైలు, ఆపైన విమానం. నా పని ఖలాస్ అనుకున్నాను.

ఆ ఆసుపత్రిలో పసిపిల్లల ప్రాణం పోయినా, పెద్ద దెబ్బ తగిలినా డాక్టర్లూ నర్సులూ పిల్లల సంరక్షణ వాళ్ళూ కలిసి కూర్చుని, అదెలా జరిగిందో మొదట్నించీ చూస్తారు. వాళ్ళలో సిస్టరమ్మ ఒకరు. భీమవరం వైపు మనిషి. కొప్పులో పెన్సిలు, జేబులో సోంపు. నా పక్కన కూర్చుని, అరచేతిలో కాస్త సోంపు పోశారు.

"ఏడుపాపి చెప్పవే పిల్లా. ఆ నీళ్ళెక్కడివి?"

"వేడినీళ్ళూ చన్నీళ్ళూ వచ్చే తాగునీళ్ళ మిషన్‌వండి. తప్పు నాదేనండి."

"తప్పెవరిదని నేనడిగానా? నువ్వెక్కడున్నావ్?"

"పాప తమ్ముడు, చంటోడికి స్నానం చేయిస్తున్నానండి. మిషన్ మీద వేడినీళ్ళ ఎర్ర మీట ఉందండి. పిల్లలు నొక్కినా కదలకుండా ఉండే దాని లాకు విరిగి నెలయిందండి. మామాకి రెండుసార్లు చెప్పానండి."

"మరి ఈ ముక్క ఇందాకే చెప్పవేం?" అని కసిరారు.

"ఎవరూ అడగలేదండి."

ఆవిడ ముఖం మారిపోయింది. కొప్పులోంచి పెన్సిలు తీసి రాసుకున్నారు.

"వీళ్ళు దేనికైనా సారీ అంటారు, అది ఒప్పుకోలు కాదు, ముందు ఆ మిషన్ చూడండి" అని మీటింగులో పట్టుబట్టారట. వాళ్ళు ఇంటికొచ్చి చూశారు. మీట సరిగ్గా పాప గడ్డం ఎత్తులో ఉంది. కాగితం మీద మాట మారింది. మామాని కూడా ఎవరూ తిట్టలేదు, మిషన్ మార్పించమన్నారు, అంతే. అప్పట్నించీ ఆ వార్డులో ప్రతి తల్లినీ ఇంట్లో మిషన్ లాకు ఎలా ఉందని అడుగుతున్నారు.

ఊర్నించి పూతరేకులు వస్తే పట్టుకెళ్ళాను. "ఇవెందుకే నాకు? ఇవాళ లాకు చూశావా? కళ్ళతో కాదు, చేత్తో నొక్కి చూడాలి" అని కోప్పడి, అక్కడే రెండు తినేశారు.

మొన్న ప్రార్థన నుంచి తిన్నగా వంటగదిలోకే వెళ్ళాను. ఎర్ర మీట నొక్కి చూశాను. కదల్లేదు. చెయ్యి తీయబుద్ధి కాక అలాగే నిలబడి ఏడ్చాను. పాప వచ్చింది, ఇప్పుడు ఆరేళ్ళది. మచ్చ ఉన్న ఆ చిన్న చెయ్యి నా చేతి మీద పెట్టి, తనూ ఒకసారి గట్టిగా నొక్కి చూసింది.